వెనక సుత్తి

జూన్ 4

కాదక్కా, కూర్చుని కాదు, నిలబడే కొడతాను. నువ్వు అడగలేదు, తెలుసు. అయినా ఇక్కడ కనబడినవాళ్లందరూ అదే అడుగుతున్నారు, అందుకని నీకు ముందే చెప్పేస్తున్నా. కూర్చుంటే నాకు చెయ్యి ఆడదు. మన రేకు పెట్టెల షాపులో మనం ఎప్పుడు కూర్చున్నాం గనక.

ఉండు, మొదట్నించీ చెప్తా. మన వీధిలోకి సినిమావాళ్లు వచ్చారు. పెద్దవాళ్లేం కాదు. ఒక వ్యాను, ఒక కెమెరా, గొడుగులాంటి లైటు ఒకటి. వాళ్లకో మేడమ్ ఉంది, తనే కథ రాసి తనే తీస్తుంది. కథేంటంటే ఒక వీధిలో పిల్లలు కలిసి బ్యాండు పెట్టుకుంటారు. వాళ్లకి ఏమీ రాదు. నేర్చుకుంటారు, కొట్టుకుంటారు, మళ్లీ కలుస్తారు, అలా అలా పెద్దవాళ్లవుతారు. ఆవిడకి నటించేవాళ్లు వద్దంట. నిజంగా బ్యాండు పెట్టే పిల్లలు కావాలంట. మేం బ్యాండు పెట్టుకుంటూ ఉంటే ఆవిడ తీసుకుంటూ పోతుంది.

ఆ రోజు నేను ఒక పెట్టె అంచు అణుస్తున్నా. నువ్వు వెళ్లాక నాన్న అంచులు వంచడానికి చేత్తో తిప్పే పాత మెషీను తెచ్చాడు కదా, అది వంచుతుంది, చప్పుడు చెయ్యదు. దాని వెనకాల నేను చెక్క సుత్తితో అణుచుకుంటూ పోతా. నీ సుత్తి మూలన మేకుకి వేలాడుతోంది. మేడమ్ గుమ్మంలో నిలబడి చాలాసేపు విందంట. నేను చూడలేదు. చూడగానే రేకుల చాటుకి పోయా. మీ అబ్బాయి డ్రమ్ము కొడతాడా అని ఆవిడ నాన్నని అడిగితే, నాన్న చెవుల సంగతి నీకు తెలిసిందే, రెండు సైజులున్నాయమ్మా ఏది కావాలి అన్నాడు. ఆఖరికి అమ్మ వచ్చి నన్ను చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

కటింగ్ షాపు ఆయన కూతురు గుర్తుందా, పొడుగ్గా సన్నగా ఉంటుంది, అందరూ తీగ అంటారు. అది గిటారు. సైకిల్ షాపులో పనిచేసే రేడియోగాడు పాట. వాడు నిద్రలో కూడా పాడతాడు కాబట్టి వాడికి కొత్తగా నేర్చుకునేదేం లేదు. నేను పెట్టె మీద కొడతా. అమ్మ మూత మీద పసుపు పువ్వులు వేసిన పెట్టె.

నాకు సినిమాలో మాటలు లేవు. అడిగి కనుక్కున్నా. అంటే అమ్మ చేత అడిగించా.

బొటనవేలు నొప్పెడుతోంది, ఇంత ఎప్పుడూ టైపు చెయ్యలేదు. ఉంటా.
పిల్లి


జూన్ 6

ఒరేయ్ పిల్లీ,

నీ మెసేజ్ ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడి చదివాను. చదువుతూ చదువుతూ ఒక దుప్పటి మడత తప్పించాను. ఇంత పెద్ద ఆసుపత్రి లాండ్రీలో రోజుకి ఎన్ని దుప్పట్లు మడుస్తానో నాకే తెలీదు, ఒక్కటి కూడా తప్పలేదు ఇన్నాళ్లూ. నీ వల్ల తప్పింది. సంతోషం.

మా వాళ్లందరికీ చెప్పేశాను. ఇక్కడ మిషన్ల హోరులో మాటలు వినపడవు, చెవుల్లో దూది పెట్టుకుంటాం. అందుకని ఆవిరి గది దగ్గర్నించి ట్రాలీల దాకా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి దూది తీయించి మరీ చెప్పాను. నాతో పాటు మడిచే పెద్దావిడ ఉంది, అందరం ఆవిడ్ని పెద్దమ్మ అంటాం. ఆ సినిమా ఇక్కడికి వస్తే మా షిఫ్టు షిఫ్టంతా వెళ్లాల్సిందేనని ఇప్పుడే తీర్మానం చేసేసింది.

నాకు ఒకటే కోరిక. తెర నిండా నీ మొహం చూడాలి. నేను ఇక్కడికి వచ్చాక నీ మొహం సరిగ్గా చూడనేలేదు. ఫోన్ చేస్తే ఊఁ అంటావు. వీడియో పెడితే ఫ్యాను చూపిస్తావు. మన ఇంట్లో ఫ్యానుకి ఎన్ని గీతలున్నాయో నాకు బాగా తెలుసు, నీకు మీసం వచ్చిందో లేదో మాత్రం తెలీదు. సినిమావాళ్లయినా నిన్ను తిన్నగా నిలబెడతారు.

తల దువ్వుకో. ఎవరైనా ఏమైనా అంటే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోకు, నోరు తెరిచి ఒక మాట అను. మాటలు లేవని మురిసిపోతున్నావు కానీ, ఒక్క మాటయినా రాయమని ఆవిడ్ని అడుగు.

నాన్న భుజం ఎలా ఉంది? అమ్మ రంగు డబ్బాల మూతలు గట్టిగా పెడుతోందా?

మీ అక్క


జూన్ 17

అక్కా, పాటలో ఒకటి ఎక్కడుంటుంది?

అందరికీ తెలుసంట. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్లీ ఒకటి. అందరూ ఒకటి మీద పడతారు. నాకు ఆ ఒకటి మీద చెయ్యి లేవట్లేదు. రెండు మీద లేస్తుంది. అప్పటికి వాళ్లు ఒక అడుగు ముందుకి పోయుంటారు. నేను పరిగెత్తి కలుస్తా. మళ్లీ ఒకటి వస్తుంది, మళ్లీ ఆగిపోతా. కావాలని కాదు. చెయ్యి గాల్లోనే ఉంటుంది, దేనికోసమో చూస్తున్నట్టు.

పాత గోడౌనులో ప్రాక్టీసు. ఖాళీ గోనెసంచుల వాసన. పైన రేకులు, వాన పడితే మా ముగ్గురి కంటే వానే బాగా వాయిస్తుంది. తీగ నిన్న గిటారు కింద పెట్టేసి, ఆ ఒకటి ఎవరికోసం దాస్తున్నావురా అంది. రేడియో అయితే వీడు నిన్నటి పాట ఇవాళ కొడుతున్నాడు, రేపు ఇవాళ్టిది కొడతాడు, ఓపిక పట్టండి అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వా. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మేడమ్ తిట్టదు. నా చెవిలో ఏదో పెట్టింది, అది టిక్ టిక్ అంటుంది, దాంతో పాటు కొట్టమంది. టిక్ అన్నాక కొడుతున్నాను. దాంతో పాటు కాదు, అన్నాక. ఆవిడ నా చేతులవంక చూసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

నీకొక్కదానికే చెప్తున్నా. నాకక్కడ బాగుంటుంది. అక్కడ నన్నెవరూ మాట్లాడమనరు. ఇంట్లో, షాపులో, వీధిలో, ఎక్కడికెళ్లినా ఏంట్రా మాట్లాడవు అంటారు. అక్కడ కొడితే చాలు, మాట్లాడినట్టే. ఇప్పుడు ఆ కొట్టేది కూడా తప్పయితే ఇంక వాళ్లలో నేనెందుకు?

నాన్న భుజం అలాగే ఉంది. మూతలు పెట్టట్లేదు.
పిల్లి


జూన్ 20

అయిపోయిందక్కా.

ఇవాళ గోడౌనుకి వెళ్లేసరికి టౌను నించి ఒక అబ్బాయి వచ్చున్నాడు. అసలైన డ్రమ్ములు, మెరుస్తున్నాయి. నా చోట్లో కూర్చుని బిగించుకుంటున్నాడు. నా పెట్టె పక్కకి జరిపేశారు. మేడమ్ వాడితో ఏదో చెప్తూ వేళ్లతో లెక్కపెడుతోంది. నేను మెట్ల మీంచే వెనక్కి వచ్చేశా. ఎవరూ చూడలేదు.

పువ్వుల పెట్టె అక్కడే ఉండిపోయింది. అమ్మకి ఏం చెప్పాలో తెలీట్లేదు.


జూన్ 21

నువ్వేం చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది నేను చెప్పేశాను.

అమ్మని అడిగి ఆ మేడమ్ నంబరు తీసుకున్నాను. భోజనం మానేసి, ఆసుపత్రి వెనక జనరేటరు షెడ్డు దగ్గర నిలబడి మాట్లాడాను. పిల్లాణ్ణి ఆశపెట్టి పిలిచి, వాడి చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది అన్నాను. మా వాడు ఇంక రాడు, మా పెట్టె మా ఇంటికి పంపించండి అన్నాను. ఆవిడ మధ్యలో ఏదో చెప్పబోయింది. చెప్పనివ్వలేదు. పెద్దమ్మ పక్కనే నిలబడి తలూపుతూనే ఉంది.

నువ్వు నోరు తెరవకపోతే నీ బదులు తెరిచేవాళ్లు ఒకరున్నారని వాళ్లకి తెలియాలిగా.

బాధపడకు. నాకొక ఆలోచన వచ్చింది. ఇక్కడ ట్రాలీలు తోసే పని ఖాళీ ఉంది. నేను సూపర్వైజరుని అడిగి పెట్టాను. వచ్చెయ్యి. నా కళ్లముందు ఉంటావు, ఎవరూ నిన్ను చూసి నవ్వరు.

మీ అక్క


జూన్ 23

పెట్టె వచ్చింది. రేడియో సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాడు. దించుతూ ఒక్క పాట కూడా పాడలేదు.

వాడు చెప్పింది చెప్తున్నా. "ఆ టౌను వాడు నీ కోసమే వచ్చాడ్రా. నీ పక్కన వాయిస్తే నీకు ఒకటి దొరుకుతుందేమోనని మేడమ్ పిలిపించింది. మీ ఇద్దరికీ చోటు చాలక నీ పెట్టె జరిపింది. అంతే. నువ్వు రాలేదు. మర్నాడు మీ అక్క ఫోన్ చేసి ఆవిడ్ని ఉతికి ఆరేసిందంట."

ఇంట్లోవాళ్లకి ఇష్టం లేదు కాబట్టి ఇంక నన్ను పిలవకూడదని మేడమ్ వాళ్లతో చెప్పిందంట. ఇద్దరితోనే తీస్తుందంట.

మెట్ల మీద ఆగి ఒక్క మాట అడిగుంటే ఇదంతా ఉండేది కాదు. అది నా తప్పే. కానీ నువ్వు? నువ్వయినా నన్నడిగావా? ఫోన్ చెయ్యనా అని ఒక్క మాట? ఎప్పుడూ ఇంతే. ముందు నీ దెబ్బ పడిపోతుంది, తర్వాతే నేను. చిన్నప్పట్నించీ అంతే.

ట్రాలీలు తొయ్యను.


జూలై 2

పిల్లీ,

ఇన్ని రోజులు రాయలేదు. రాస్తే మళ్లీ నేనే ముందు కొట్టినట్టవుతుందని ఊరుకున్నాను. నువ్వు రాస్తావని చూశాను. నువ్వు రాయవని నాకు తెలుసు, అయినా చూశాను.

తప్పు నాదే. ఆవిడ చెప్పబోయిన మాట విని ఉండాల్సింది. పెద్దమ్మ కూడా ఇప్పుడు అదే అంటోంది. ఆ రోజు తలూపిన సంగతి గుర్తుచేస్తే, చెవుల్లో దూది ఉంది, నువ్వేమన్నావో నాకు వినపడితేగా అంటోంది.

ఇది చెప్పడానికి కాదు రాస్తున్నది. రేడియో నాకు మీ పాట పంపాడు. ప్రాక్టీసులో ఫోన్లో పట్టిందట. నువ్వు పంపమన్నావేమోనని ఆశపడ్డాను. కాదట, వాడంతట వాడే. మధ్యాహ్నం మిషన్లు ఆపినప్పుడు మడిచే బల్ల దగ్గర కూర్చుని విన్నాను. మొదట నాకూ ఏమీ అర్థం కాలేదు. వాడు పాడుతున్నాడు, ఆ అమ్మాయి వాయిస్తోంది, నువ్వు ఎక్కడో వెనకాల పడుతూ లేస్తూ వస్తున్నావు. రెండోసారి పెట్టాను. అప్పుడు నా చెయ్యి బల్ల మీద పడింది.

నేను కొట్టలేదురా. అదే పడింది. నువ్వు ఆగిన చోటల్లా పడింది. పడగానే వెనకాలే నీది పడింది. పాట అయ్యేదాకా ఒక్కటి కూడా తప్పలేదు. మన షాపులో పొడుగు అంచు మీద ఇద్దరం నడుచుకుంటూ వెళ్లేవాళ్లం చూడు, అచ్చం అలాగే.

నాన్న మనకి నేర్పిన మొదటి మాట గుర్తుందా? ముందు సుత్తి వంచాలి, వెనక సుత్తి అణచాలి, రెండూ ఒకేసారి పడితే రేకు ఎగిరి చెయ్యి కోస్తుంది. ఒక్కసారి తొందరపడ్డావు, మోచేతి మీద ఆ మచ్చ అందుకే. ఆ తర్వాత నువ్వు ఎప్పుడూ నా దెబ్బ పడి, నా చెయ్యి పక్కకి జరిగాకే కొట్టావు. నువ్వు ఆలస్యం కాదురా తమ్ముడూ. నువ్వు ఆగుతున్నావు. నేను కొట్టి జరగాలని ఆగుతున్నావు. నేనేమో ఇక్కడ దుప్పట్లు మడుస్తున్నాను.

ఈ మాట నేనే ఆ మేడమ్‌కి చెప్పగలను. ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యట్లేదు. ఇది నువ్వు చెప్పాల్సింది.

ఇంకొకటి. ఇక్కడ నన్ను ఉండిపొమ్మంటున్నారు. కొత్తగా వచ్చే అమ్మాయిలకి పని నేర్పాలట. ఉంటానన్నాను. ఇక్కడ నన్ను ఎవరూ రేకుల షాపు అమ్మాయి అనరు, ఈ అమ్మాయి పని బాగా చేస్తుంది అంటారు. అది నాకు బాగుంది. అమ్మకి చెప్పాను. నీకు చెప్పడానికే చెయ్యి రాలేదు. ఆ సుత్తి మేకుకి అలాగే ఉండనీ.

మీ అక్క


జూలై 9

అక్కా,

వెళ్లాను.

పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లా. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లా, గోడౌను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అన్నీ పోయాయి. లోపల లైటు వేసి తీస్తున్నారు. అందరూ ఆగి నావంకే చూశారు. పెట్టె దించడానికి కూడా సిగ్గేసింది, అలాగే నెత్తిన పెట్టుకుని చెప్పా.

"నాది వెనక సుత్తి మేడమ్. ముందు సుత్తి మా అక్కది. అక్క ఇక్కడ లేదు. అందుకే ఆగుతున్నాను."

అంతే వచ్చింది. ఆవిడకి అర్థం కాలేదు. పాపం ఎవరికి మాత్రం ఏం అర్థమవుతుంది. అప్పుడు పెట్టె దించి, తీగ చేతికి ఒక కర్ర ఇచ్చి, నువ్వు ఇక్కడ కొట్టు, కొట్టి జరుగు అన్నా. అది కొట్టి జరిగింది, నేను కొట్టా. అలా అంచు పొడుగునా వెళ్లాం. సగం దూరం వెళ్లేసరికి మేడమ్ నవ్వడం మొదలుపెట్టింది. నీ ఫోన్ గురించి ఏమీ అనలేదు. మీ అక్క గొంతు బాగుంటుంది, ఈసారి పాడమను అంది.

సాయంత్రానికి మేడమ్ మళ్లీ పిలిపిస్తే టౌను అబ్బాయి వచ్చి నీ చోట్లో కొట్టాడు. వాడు మంచివాడే. ఒకటి వాడిది, రెండు నాది. పాట గబుక్కున నిలబడింది. రేడియో గోనెసంచుల మీదెక్కి గంతులేశాడు. అందరికీ ఆనందం. నాకు మాత్రం ఎలా ఉందంటే, ఎవరో నీ సుత్తి మేకు మీంచి తీసినట్టుంది. సరిగ్గానే ఉంది. కానీ బాగాలేదు.

అందుకని ఇంకో మాట కూడా అన్నా. ఒకేరోజు రెండుసార్లు మాట్లాడా, అమ్మకి చెప్పు, నమ్మదు. అక్కడ ఎవరూ కొట్టొద్దు, ఖాళీగా ఉంచుదాం అన్నా. తీగ ఒప్పుకోలేదు. పాటలో గొయ్యి పెడితే వినేవాళ్లు పడరా అంది. టౌను అబ్బాయి కూడా అదే అన్నాడు. నేను కొడుతూ పోయా. కాసేపటికి తీగ తనకి తెలీకుండానే అక్కడ తీగల మీద అరచెయ్యి వేసి ఆపేసింది. రేడియో అక్కడే ఊపిరి తీసుకున్నాడు. ముగ్గురం ఒకేసారి ఆగాం. ఆగి, పడ్డాం. గోడౌను రేకులు కూడా ఆగినట్టున్నాయి.

మేడమ్ కెమెరా ఆయనకి చెయ్యి ఊపింది. అదే సినిమాకి తీసుకున్నారు.

నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకుంటున్నా, ఎప్పుడైనా పనికొస్తుంది. నువ్వు ఉండిపోతాననడం మంచిదే. అలా అనాలని చాలాసేపు కూర్చున్నా. ఇప్పుడు అన్నాను కదా. అబద్ధం కాదు.

పిల్లి


జూలై 11

ఒరేయ్,

నీ మెసేజ్ పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆవిరి ఎక్కువైంది అంది. ఆవిరి గది అవతలి మూలన ఉంది.

నేనేం రాయను. ముందు కొట్టడం మానేస్తున్నాను కదా. కానీ ఒక్కటి మాత్రం అడక్కుండా ఉండలేను. ఇంతకీ మొహం చూపిస్తారా లేదా? తిన్నగా, దగ్గర్నించి? మా షిఫ్టులో అందరికీ మాటిచ్చేశాను, మా తమ్ముడి మొహం చూపిస్తానని. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

మీ అక్క


డిసెంబర్ 14

అక్కా,

నిన్న మీ లాండ్రీ వాళ్లందరూ కలిసి సినిమాకి వెళ్లారని అమ్మ చెప్పింది. ఇవాళంతా ఫోన్ చూస్తూనే ఉన్నా. నువ్వేం రాయలేదు. ముందు కొట్టనన్నావు కదా, అందుకని నేనే రాస్తున్నా. ఈ ఒక్కసారికి ముందు సుత్తి నాది.

మొహం సంగతి నేను ముందే చెప్పాల్సింది. నువ్వు అడిగినప్పుడు జవాబు ఇవ్వకుండా దాటేశా. సినిమా అంతా వెతికుంటావు. నేను ఎక్కడ చూసినా రేడియో మోచేతి వెనకాలే ఉంటా. ఒకచోట సగం చెవి కనబడుతుంది, అది నాదే. మేడమ్ ముందుకి రమ్మంది, నేనే పోలేదు. పెద్దమ్మకి చెప్పు, మీసం వచ్చింది, అబద్ధం కాదని. ఈసారి వీడియో పెడితే ఫ్యాను చూపించను, ఒట్టు.

ఇక్కడ మేం పోయిన వారం చూశాం. వీధి వీధంతా వచ్చింది. కటింగ్ షాపు ఆయన తెర మీద కూతురు కనబడ్డప్పుడల్లా, అది నేను చేసిన కటింగే అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. రేడియో తన పాట తనే హాల్లో మళ్లీ పాడాడు, టార్చిలైటు ఆయన వచ్చి కూర్చోబెట్టాడు. అమ్మ తన పువ్వుల్ని మాత్రమే చూసింది. ఒక రేకకి రంగు తక్కువైందంట. ఇంటికొచ్చి ఆ పెట్టె తెప్పించి మళ్లీ వేసింది.

నాన్న నా పక్కన కూర్చున్నాడు. ఆయనకి పాట వినపడదు కదా. కుర్చీ చేతి చెక్క మీద అరచెయ్యి పెట్టుకున్నాడు, చప్పుడు చెక్కలోంచి వస్తుందని. పాట మొదలైంది. మేం ముగ్గురం ఆగే చోటు వచ్చింది. హాల్లో ఎవరికీ ఏం తెలీలేదు, తీగ భయపడినట్టు ఎవరూ గోతిలో పడలేదు. నాన్న చూపుడువేలు మాత్రం లేచి చెక్క మీద పడింది. మళ్లీ ఆగాం, మళ్లీ పడింది. పాట అయ్యేదాకా. ఆయన తెర వంకే చూస్తున్నాడు, వేలు సంగతి ఆయనకే తెలీదు. మన నాన్నే కదా మనిద్దరికీ నేర్పింది.

షాపులో నీ సుత్తి అలాగే ఉంది. దుమ్ము పడితే తుడుస్తున్నా, కిందకి దించట్లేదు. కొత్త పాట మొదలుపెట్టాం, మేడమ్ లేకుండా, మాకోసం. టౌను అబ్బాయి ఆదివారాలు బస్సెక్కి వస్తున్నాడు. ఇందులో ఒకటి మీద కూడా కొడుతున్నా అక్కా. మెల్లగా వస్తోంది. కానీ మొదటి పాటలో ఆ ఖాళీ మాత్రం ఎవరికీ ఇవ్వం.

మొహం కనబడలేదని కోపమొస్తే తిట్టు, పడతా. మీ షిఫ్టు వాళ్లు ఏమనుకున్నారో తర్వాత చెప్పు. ఇప్పుడు నాకు ఒకటే చెప్పు.

చీకట్లో అందరి మధ్య కూర్చున్నావు. పాట వచ్చింది. మేం ఆగాం. అప్పుడు నీ చెయ్యి ఊరుకుందా?